మిరప కల్లంలో దిగిన విమానం

నా రాతలో ఒత్తులు తప్పుతాయి. శ, ష, స ఎక్కడ ఏది పెట్టాలో నాకింకా తేలలేదు. మా ఆయన పోయాక, అరవై దాటిన తర్వాత పలక పట్టుకున్నదాన్ని. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద అన్నం మాడిన రోజులున్నాయి. తప్పులు మీరే దిద్దుకుని చదవండి. నెమ్మదిగా చెబుతున్నానని విసుక్కోవద్దు.

మాది పర్చూరు దగ్గరి ఊరు. ఊరికి తూర్పున మా పల్లె. మధ్యలో కాలవ. కాలవకు అవతలి గట్టున రైతుల కల్లాలు, ఇవతల మా ఇళ్లు, ఇళ్ల వెనక ఏమీ పండని చవిటి నేల. మా ఆయన దానయ్య మీసాలు రాని వయసు నుంచి బుల్లయ్య గారి దగ్గర పాలేరు. నేను అదే కామందు మిరప కల్లంలో కాయలు ఏరేదాన్ని.

మా తమ్ముడు ఇమ్మానియేలు మిలటరీ విమానాల దగ్గర ఫిట్టరు. కుడికన్ను నీటికాసుల జబ్బుతో పోతే పింఛనిచ్చి పంపించారు. ట్రంకు పెట్టె రిక్షావాడితో మోయించి, పొడుగాటి అట్టపెట్టె ఒకటి మాత్రం తనే భుజాన పెట్టుకుని వచ్చాడు. కారంచేడులో కామందులు పల్లె మీద పడి చంపిన సంగతి జరిగిన తర్వాత వచ్చిన మొదటి మిరప కోతలవి. కారంచేడు మాకు దూరం కాదు. ఆ ఏడాది పల్లెలో మగవాళ్లు పొద్దుగూకకముందే ఇళ్లకు చేరేవాళ్లు. ఊళ్లోంచి ఎవరన్నా గట్టిగా కేకేస్తే, పిలిచింది ఎవర్నో తెలియక నాలుగిళ్లవాళ్లం బయటికొచ్చి నిలబడేవాళ్లం.

తమ్ముడు పెట్టె విప్పాడు. లోపల ఎర్రరంగు విమానం, ముక్కలు ముక్కలుగా. చంటిపిల్లకు ఊయల కట్టేంత పొడుగుంది ఒక్కో రెక్క.

"ఎవరిదిరా ఇది?" అన్నాను.

"నాదే అక్కా. మా ఆఫీసరు బదిలీ మీద పోతా ఇచ్చాడు. వాళ్ల క్లబ్బులో ఇట్టాంటివి నేనే గదా బాగుచేసింది. సగం పని జపానోళ్లే చేసి పంపారు. అతికించుకుని ఎగరేసుకోటమే."

"ఎగరేసుకోటమేందిరా?"

"గాలిపటం ఎగరేసుకోరా?"

"గాలిపటానికి దారం ఉంటదిరా" అన్నాను. "ఇది కాలవ అవతల పడితే ఎవరు లాగుతారు?"

తమ్ముడు పడదన్నాడు. మా ఆయన రెక్క ఒకటి చేతిలోకి తీసుకుని, దూడ వెన్ను నిమిరినట్టు నిమురుతున్నాడు. ఆయనకు దేనిమీదా ఆశ పుట్టడం నేను అంతకుముందు చూడలేదు.

పనంతా మా ఇంట్లోనే సాగింది. రెండు గొట్టాల్లో రెండు రకాల జిగురు. కలిపితే ముక్కు మండే వాసన. దాంతో రెండు రెక్కల్నీ ఒకదానికొకటి అతికించి, చివరలు కొంచెం పైకెత్తి, గట్టిపడేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఒక చివర నేను పట్టుకున్నాను. తోకకు, రెక్కల అంచులకు కదిలే రేకులుంటాయి. వాటికి సన్నటి కమ్మీలు తగిలించి, పొట్టలో ఉండే చిన్న చిన్న మోటార్లకు కలిపాడు. ముక్కు దగ్గర ఇంజను, దాని వెనక సీసా అంత టాంకీ. ఆఖరున విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ల మీద నిలబెట్టి చూశాడు. తోక కిందికి వాలుతుంటే చేపల వలకు కట్టే సీసం గుండ్లు నాలుగు తెప్పించి ముక్కులో పెట్టాడు. అప్పుడు త్రాసు ముల్లులా నిలబడింది.

ప్రేమదాసు పాస్టరు గారింట్లో కరెంటు ఉండేది. బ్యాటరీలు అక్కడ పెట్టి నింపుకొచ్చాడు. చేతిపెట్టె ఒకటుంది. దానికి పొడుగాటి ఏరియల్, బొటనవేళ్లతో కదిలించే రెండు పుల్లలు. తమ్ముడు దాన్ని మా ఆయన చేతిలో పెట్టి, విమానాన్ని వాకిలి అవతల పెట్టాడు.

"పుల్ల పక్కకు తోయి బావా."

మా ఆయన తోశాడు. అంత దూరాన తోక రేకు కదిలింది. నేను లేచివెళ్లి ఇద్దరి మధ్య గాలిలో చెయ్యి తిప్పి చూశాను. ఏమీ తగల్లేదు.

తమ్ముడు తను ఎగరేయలేడు. ఉన్న ఒక్క కంటితో దూరం తెలిసేది కాదు. గ్లాసు అందుకోబోయి పక్కన చెయ్యి పెట్టేవాడు. అందుకే మా ఆయన కళ్లు, చేతులు కావాల్సి వచ్చాయి.

పక్కింటి కొండమ్మ వాకిట్లో నిలబడి నవ్వేది. "ఏమే ఆదెమ్మా, మీ ఆయన రేపట్నించి బుల్లయ్య గారి గొడ్లని పైనించే తోలతాడంటగా."

"నవ్వబాకే."

"నవ్వక ఏడవమంటావా? ఏడుపు వచ్చేది అది అటు పోయి పడ్డాక." గొంతు తగ్గించింది. "మీ తమ్ముడు ఊళ్లు తిరిగి ఊరిని మర్చిపోయాడు. ఆ కల్లంలో మన ఆడోళ్లే పాతికమంది ఉంటారు. ఎవరి నెత్తిన పడ్డా తప్పే. ఎవరి నెత్తినా పడకపోయినా తప్పే. కామందు కల్లంలోకి మనది ఏదన్నా పోవటమే తప్పు."

రాత్రి మా ఆయన్ని అడిగాను. ఎగరనివ్వం, చవిటి నేల మీద పరిగెత్తించి చూస్తాం, అంతే అన్నాడు. బైబిలు మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చవిటి నేలకు వెళ్లాం. మేము ముగ్గురమే. ఎగరదని చెప్పారు కనక టాంకీలో ఆముదం కలిపిన స్పిరిటు అడుగున కాసినే పోశారు. తమ్ముడు కర్రముక్కతో ముక్కు దగ్గరి ఫంకా తిప్పాడు. పత్తికి మందు కొట్టే ఇంజను చప్పుడు లేచింది. కాలవ అవతల కల్లంలో కాయలు ఏరే ఆడవాళ్లు తలలెత్తి చూడటం కనిపించింది. ఎండబెట్టిన కాయలకు ఆదివారం లేదు. నేను వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాను, నేను చూడకపోతే వాళ్లూ చూడరన్నట్టు.

మా ఆయన దాన్ని తూర్పుకు పరిగెత్తించాడు. బాగా పోయింది. తిప్పి మావైపు తెస్తుంటే మాత్రం తడబడింది. ఎడమకు పోవాలంటే కుడికి పోతోంది.

"ఎదురొచ్చేటప్పుడు చేతులు మారతయ్యి బావా" అని తమ్ముడు అరిచాడు. "దాని ఎడమ నీ కుడి."

"అదెట్టారా? దాపటెద్దు ఎప్పుడన్నా ఎలపటికి వస్తదా?"

ఎడమవైపు కట్టేది దాపటిది, కుడివైపుది ఎలపటిది. ఆయన ముప్పై ఏళ్లు నాగలి పట్టాడు. నాగలి పట్టినవాడు ఎద్దుల వెనకే ఉంటాడు. సాలు చివర అవి తిరిగితే తనూ తిరుగుతాడు. పని చేసేటప్పుడు ఆయన ఎద్దు మొహం చూడలేదు, తోకలే చూశాడు. అందుకే దూరంగా పోయే విమానం ఆయన చేతికి వెంటనే లొంగింది. ఎదురొచ్చేది లొంగలేదు.

రెండోసారి తూర్పుకు తోలాడు. తూర్పు నుంచి పైరగాలి లేచింది అప్పుడే. గాలికి ఎదురు పరిగెత్తుతున్న విమానం కింద నేలకూ చక్రాలకూ మధ్య వెలుతురు కనిపించింది. తర్వాత వేపచెట్టంత పైకి పోయింది.

అది తనంతట తనే లేచిందని ఆయన చచ్చేదాకా చెప్పాడు. నేను నమ్మలేదు.

"దించెయ్యవయ్యా" అన్నాను.

"ఇప్పుడు దించితే విరుగుద్ది అక్కా. బావా, చిన్నగా ఎడం పక్కకి తిప్పుకుని రా."

తిప్పాడు. విమానం మావైపు మళ్లింది. ఎర్రగా, ముక్కు మా మీదికి పెట్టి వస్తోంది. ఒక రెక్క వాలి ఉంది. సరిచేయబోయి ఆయన పుల్లను అటే తోశాడు. రెక్క ఇంకా వాలింది. మొత్తం పక్కకు తిరిగి నేల మీదికి జారిపోతోంది.

"వదులు! పుల్లలు వదిలెయ్యి!"

వదిలాడు. అది కొంచెం తేరుకుని, మా తలల మీదుగా ఈల వేసుకుంటూ పోయింది. నేను కూర్చుండిపోయాను. లేచి చూసేసరికి కాలవ దాటుతోంది.

ఇక దూరంగా పోతోంది కదా, మళ్లీ ఆయన చేతికి లొంగింది. తీగ లాగినట్టు తిన్నగా పోతోంది, రైతుల కల్లాల మీదుగా, బుల్లయ్య గారి ఎర్రటి కల్లం మీదుగా, ఊరి వైపుకు.

"తిప్పు బావా" అని తమ్ముడు బతిమాలుతున్నాడు. వాడికి అది సరిగా కనిపించడం కూడా లేదు, చప్పుడు పోయేవైపు మొహం పెట్టాడు. "తిప్పకపోతే ఊళ్లోకి పోద్ది."

ఆయన తిప్పటంలేదు. నేను ఆయన మొహం చూశాను. చెమటలు కారుతున్నాయి. తిప్పితే ఎదురొస్తుంది. ఎదురొస్తే చేతులు మారతాయి, కల్లంలో ఆడవాళ్ల మీద పడుతుంది. పోతున్నంతసేపే అది ఆయన మాట వింటుంది. అందుకని పోనిస్తున్నాడు.

ఆయన నాగలి వెనక విత్తనం జారవిడుస్తూ నేను చాలా సాళ్లు నడిచాను. చివర ఎట్లా తిరుగుతాడో నాకు తెలుసు. భుజాలు రెండూ పట్టుకున్నాను.

"నువ్వు కూడా దాంతో పాటు తిరగవయ్యా. వెనక నిలబడ్డట్టు నిలబడు."

"ఏందే?"

"అది ఇటు వచ్చేటప్పుడు నువ్వూ ఇటే మొహం పెట్టు. వీపు దానికి పెట్టి మెడ తిప్పి చూడు."

ఆయన పుల్ల తోశాడు. అక్కడ రెక్క వాలింది. అది తిరుగుతున్నకొద్దీ నేను ఆయన్ని తిప్పాను, ఇద్దరం చవిటి నేల మీద చిన్నచిన్న అడుగులు వేస్తూ. అది తూర్పు ముఖం పెట్టేసరికి ఆయనా తూర్పు ముఖం పెట్టి, భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. ఇప్పుడు దాని ఎడమ ఆయన ఎడమే. రెక్క సమానమైంది. ఇటే వస్తోంది.

"దేవా" అన్నాడు తమ్ముడు.

అప్పుడు చప్పుడు ఆగిపోయింది. టాంకీలో పోసింది అడుగున కాసినే కదా.

చప్పుడు లేని ఆ విమానం మీదికి పైరగాలి ఎదురు తోస్తోంది. కాలవ దాటుతుందని ఒక్క క్షణం అనుకున్నాను. దాటలేదు. మెల్లగా కిందికి జారి, ఎర్రటి కాయల మీద వాలి, ముక్కు దూర్చుకుని ఆగింది. ఆడవాళ్ల కేకలు ఆలస్యంగా వినపడ్డాయి.

బుల్లయ్య గారి కల్లం.

మా ఆయన చేతిపెట్టెతోనే కదలబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"నువ్వు పోబాక."

"నా చేతిలోంచి పోయిందే అది."

"అందుకే పోబాక. మగోడు కనపడితే చేతులు లేస్తయ్యి. నేను రోజూ పోయే కల్లమే గదా." తమ్ముడి మిలటరీ ప్యాంటు వైపు చూశాను. "నువ్వు అసలే రాబాకరా."

కాలవలో మోకాళ్ల లోతు నీళ్లు. నేను తిరిగి రాకపోతే ఎవరు ఎవరిని వెతుక్కుంటూ వస్తారో, అప్పుడు ఏమవుతుందో, గట్టెక్కేలోపు అంతా కళ్ల ముందు కనిపించింది.

కల్లంలో అందరూ దగ్గుతున్నారు. విమానం లేపిన మిరప ఘాటు ఇంకా గాలిలోనే ఉంది. మా పల్లె ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని ఒక మూల నిలబడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది చూశాక మాత్రమే నాకు ఊపిరి ఆడింది. కొండమ్మ నావంక చూసి తల దించుకుంది. బుల్లయ్య గారు కాయలు తిరగేసే కర్ర చేతపట్టి విమానానికి పది అడుగుల అవతల నిలబడ్డాడు. ఆయన తల్లి సుబ్బరావమ్మ గారు మంచె నీడలో కూర్చుని ఉంది.

"ఎవరిదే ఇది?" అన్నాడు బుల్లయ్య గారు.

"మా తమ్ముడిదండి. ఆటబొమ్మండి."

"ఆటబొమ్మకి ఇంజనుంటదా? ఎవరు పంపించారు దీన్ని?" ఆయన గొంతు ఎప్పుడూ ఉన్నట్టు లేదు. "చీరాల శిబిరం నించి ఎవరన్నా వచ్చారా మీ పల్లెకి?"

"లేదండి."

"మా కల్లం మీద అటూ ఇటూ తిరిగింది. నేను చూడలా అనుకున్నావా? లోపల ఫోటోలు తీసే మిషనుందా?"

"లేదండి. బ్యాటరీనండి, చిన్న మోటార్లు."

"నీకేం తెలుసు?"

"నేనే పట్టుకుని అతికించానండి."

"అయితే విప్పు."

సుబ్బరావమ్మ గారు అరిచింది. "ఒరేయ్ బుల్లయ్యా, నువ్వు దగ్గరికి పోబాకరా. అదే విప్పుకుంటది."

కాయల్లో మోకాళ్ల మీద కూర్చున్నాను. రెక్కను పట్టి ఉంచే ప్లాస్టిక్ మరలు రెండుంటాయి. కొంగుముడిలోంచి రూపాయి బిళ్ల తీసి తిప్పాను. బిళ్ల రెండుసార్లు జారింది. రెక్క ఎత్తి పక్కన పెట్టాను. పొట్టలో స్పాంజి చుట్టిన బ్యాటరీ, మోటార్లు.

"చూడండి" అన్నాను.

ఆయన కర్ర ముందుకు చాపి, ఒక అడుగు వేసి వంగాడు. సరిగ్గా అప్పుడే లోపలి మోటారు కీచుమంది. తోక రేకు అటూ ఇటూ ఊగింది.

ఆయన వెనక్కి దూకాడు. కర్ర పడిపోయింది. మా ఆడవాళ్లలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చారు. నవ్వితే ఏమవుతుందో తెలుసు కనక నేను తల ఎత్తలేదు.

"కదిలిందే! ఎవరు కదిలించారే?"

అబద్ధం ఏదీ నోటికి రాలేదు.

"మా ఆయనండి. అక్కడినించండి."

ఆయన కాలవ వైపు చూశాడు. అవతల చవిటి నేలలో మా ఆయన నిలబడి ఉన్నాడు, పొట్ట దగ్గర చేతిపెట్టె, పైకి మెరుస్తున్న ఏరియల్. అంత దూరానికి వేలెడంత ఉన్నాడు. నేను కనపడకుండా వంగేసరికి ఏమైందోనని కంగారుపడి పుల్ల కదిలించాడట, తర్వాత చెప్పాడు.

"దానయ్యా?" అన్నాడు బుల్లయ్య గారు.

"అవునండి."

"అక్కడ నిలబడి ఇక్కడ కదిలిస్తన్నాడా?"

"అవునండి."

రేకు మళ్లీ ఊగింది. నేను తడుముకుని బ్యాటరీ మీట ఆపేశాను. కీచుమనటం ఆగింది. ఇక కర్ర తీసుకుంటాడు, నన్ను కాకపోయినా విమానాన్ని కొడతాడు అనుకుని రెక్క మీదికి వంగి అడ్డం పడ్డాను. దెబ్బ పడలేదు. చూస్తే ఆయన ఇంకా కాలవ అవతలికే చూస్తున్నాడు.

"తీసుకుపో" అన్నాడు మెల్లగా.

తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. రెక్క ఒక చంకలో, మిగిలింది ఒక చేతిలో పట్టుకుని నడిచాను. గట్టు దిగేదాకా వీపంతా చెవులైపోయింది. వెనకనుంచి మాటగాని అడుగుగాని వినిపించలేదు. ఆ సాయంత్రం పల్లెలో పిల్లల్ని, ముసలివాళ్లని చర్చిలోకి చేర్చారు. ప్రేమదాసు పాస్టరు గారు గడప మీద కూర్చున్నారు. ఊళ్లోంచి ఎవరూ రాలేదు.

తెల్లవారి మా ఆయన పనికి బయలుదేరాడు. వెళ్లొద్దని ఏడ్చాను. పోకపోతేనే వస్తారు అన్నాడు. నన్ను ఆరోజు కల్లానికి రావద్దన్నాడు. పొద్దువాలేదాకా కాలవగట్టునే కూర్చున్నాను. ఆయన నీళ్లలో దిగి రావడం కనిపించాక లేచాను.

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లా. గొడ్లకి కుడితి పెడతంటే నా చేతుల వంక చూశాడు. నేను తలెత్తితే అటు తిరిగాడు."

"మళ్లీ ఏమన్నా అంటాడేమో."

"ఏమో" అన్నాడు.

విమానం రెక్క అతుకు దగ్గర చీలింది. ఇంజనులోకి మిరప గింజలు, దుమ్ము పోయాయి. తమ్ముడు విప్పి, తుడిచి, మళ్లీ అట్టపెట్టెలో సర్దేశాడు. పాస్టరు గారు ఇక ఎగరేయవద్దన్నారు. వాడూ సరే అన్నాడు. మా ఆయన ఆ పెట్టె వైపు చూడటం కూడా మానేశాడు. నా బతుకులో నేను చేసిన ప్రార్థన ఒకటి అట్లా తీరింది, తీరినందుకు ఆయన మొహం చూస్తే సంతోషం కలగలేదు.

మర్నాటి నుంచి నేనూ మళ్లీ కాయలు ఏరడానికి పోయాను. బుల్లయ్య గారు ఆ సంగతి నాతో ఎత్తలేదు. మా ఆయనతోనూ ఎత్తలేదు. ఆయన్ని ఒరేయ్ అని పిలవటం కూడా తగ్గింది. కాయలు సంచులకెక్కేదాకా ఆ కల్లంలోకి ఎప్పుడు వచ్చినా కామందు మొదట ఆగి, ఒకసారి ఆకాశంలోకి చూసి, ఆ తర్వాత అడుగు లోపల పెట్టేవాడు. అది మళ్లీ ఎగరదని పల్లెలో చిన్నపిల్లలతో సహా అందరికీ తెలుసు. ఎవరూ ఆయనకు చెప్పలేదు.

మేడికొండ ఆదెమ్మ, డెబ్బై నాలుగేళ్లు. ఇప్పుడు చిలకలూరిపేటలో మా అమ్మాయి సంతోషకుమారి దగ్గర ఉంటున్నాను.